తెరమీది తెలుగు పుట

వేటకు బయలుదేరు పడవవానికి రెండు మాటలు ముఖ్యములు. ఒకటి "వెళ్ళవచ్చు", రెండవది "వెళ్ళవద్దు". ఈ రెండింటి నడుమనున్న భేదమంతయు ఒక్క వత్తక్షరములో ఇమిడియున్నది. ఒకదానిలో చకారము క్రింద చకారము. వేరొకదానిలో దకారము క్రింద దకారము. చేతిలోని ఫోను తెరమీద ఆ ఒక్క అక్షరము చెదరి ఖాళీ పెట్టెగా కనిపించినచో, వాక్యము మిగులును గాని అర్థము మిగులదు.

మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నము మొదలగు నెల్లూరు తీరగ్రామములకు గాలివాన కబురు ఒకప్పుడు దండోరా వలనను, తరువాత రేడియో వలనను చేరెడిది. రేడియో నేటికిని ఆ పని చేయుచున్నది. దానికి తోడుగా ఇప్పుడు వెబ్ పుట వచ్చినది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము, చేపలు దొరకగల తావులను, అలల పోకడను తెలుపు సూచనలను మత్స్యకారులకు వారి వారి భాషలలో అందించుచున్నది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ ఈ తీరమును తాకిన పిమ్మట, 2007 అక్టోబరులో ఆ సంస్థయందే సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది. ఇట్టి కబుర్లు కంఠమునుండి గాక తెరనుండి చేరునప్పుడు, పుట చక్కగా నిలుచుట అలంకారము కాదు, అవసరము.

తెలుగు పుట తెరమీద చెదరినప్పుడు, "మన లిపి చిక్కులది, యంత్రమునకు లొంగదు" అనుమాట తరచుగా వినవచ్చును. ఈ నింద కొత్తది కాదు. అచ్చుయంత్రము వచ్చినప్పుడును, టైపు మిషను వచ్చినప్పుడును, కంప్యూటరు వచ్చినప్పుడును ఇదే మాట వినబడినది. కాని చరిత్రను నిదానముగా పరిశీలించినచో, దోషము ఏనాడును లిపిలో లేదనియు, వేరొక లిపికై తయారైన కొలతను తెచ్చి మన అక్షరమునకు తొడుగుటలోనే ఉన్నదనియు తేటపడును.

నెల్లూరు మండలపు శిలాతామ్ర శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టిగారలు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. శాసనములు చెక్కిన శిల్పికి రాతి అంచే పుటకు అంచు. పదము పూర్తి కాకముందే అంచు వచ్చినచో అతడు జంకలేదు. పదమును అక్కడికి ఆపి, మిగిలిన భాగమును తరువాతి పంక్తిలో చెక్కెను. అయితే వత్తును దాని అక్షరము నుండి వేరుచేయలేదు. తాటియాకుమీద ఘంటముతో వ్రాసిన లేఖకుని పద్ధతియు ఇదియే. త్రాడు దూర్చు రంధ్రము చుట్టును చోటు విడిచి, వత్తులు క్రింది పంక్తిని తాకకుండ ఎడము పాటించి వ్రాసెను. పదమును విరువవచ్చును, అక్షరమును విరువరాదు. క్రింద చోటు విడువవలెను. ఈ రెండు నియమములను జ్ఞాపకముంచుకొనవలసినదిగా పాఠకులకు మనవి. ఏలయనగా, ఇవి మరల మన కథలోనికి వచ్చును.

తెలుగు అక్షరము సీసపు అచ్చులోనికి ప్రవేశించినది మొదట విదేశమున. బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు 1746లో జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకమును అచ్చువేయించెను. 1816లో క్యాంబెల్ దొర వ్యాకరణమును, 1852లో బ్రౌను దొర నిఘంటువును మదరాసులో వెలువడెను. నెల్లూరు మండలమునకు చెందిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు 1854లో మదరాసునందు ముద్రాక్షరశాలను నెలకొల్పిరి. అక్షరమునకు ఒక సీసపు దిమ్మ, దిమ్మలన్నియు ఒకే ఎత్తు అనునది ఐరోపా ముద్రణ పద్ధతి. గుణింతములు తలమీదను, వత్తులు పాదములక్రిందను గల తెలుగునకు ఈ కొలత చాలలేదు. ఆంగ్లమునకు నూరు, నూటయేబది అచ్చులు సరిపోవుచోట, తెలుగు కంపోజిటరు అనేక వందల గళ్ళ ఎదుట నిలువవలసివచ్చెను. అయినను పని ఆగలేదు. సంయుక్తాక్షరములను కలిపి పోతపోసిరి. పంక్తుల నడుమ రేకులు పెట్టి ఎడము కల్పించిరి. అనగా యంత్రమునే అక్షరమునకు అనుగుణముగా మార్చిరి.

టైపు మిషను అంత ఉదారమైనది కాదు. దాని మీటలు పరిమితములు. అందుచేత వత్తులను తీసివేయుదమనియు, ప్రక్కన వ్రాయుదమనియు లిపి సంస్కరణ వాదములు బయలుదేరినవి. ఆనాడు ఆ వాదము నెగ్గియుండినచో, యంత్రము పోయిన తరువాత కూడ లిపికి ఆ గాయము మిగిలియుండెడిది. టైపు మిషను కార్యాలయములనుండి తొలగిపోయినది, వత్తులు నిలిచియున్నవి.

తరువాత కంప్యూటరు వచ్చినది. 1963లో అమెరికాలో స్థిరపడిన ఆస్కీ అను సంకేతపట్టికలో ఉన్నవి 128 స్థానములు. ఆంగ్లాక్షరములకు, అంకెలకు, విరామ చిహ్నములకు అవి చాలును. ఇతర భాషలకు అందు తావు లేదు. టిమ్ బెర్నర్స్‌లీ 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించిన వెబ్ ఇట్టి పునాదిమీదనే లేచినది. 1990వ దశకపు ఆరంభమున అమెరికాలోని తెలుగువారు తమలో తాము ఉత్తరములు వ్రాసికొనుటకు రోమను అక్షరములనే ఆశ్రయించిరి. టెక్సాసు రాష్ట్రమందలి రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతి వారికి ఉమ్మడి కట్టడియైనది. ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన భారతదేశమున ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది.

అప్పుడు పత్రికలకు తెలుగు పుట కావలసివచ్చెను. వారు కనుగొన్న ఉపాయము చూచుటకు చమత్కారమైనది. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలను కూర్చి ఫాంటులు చేసిరి. కంప్యూటరు తాను ఆంగ్లాక్షరములను చూపుచున్నట్లే భావించును. వేషము మాత్రము తెలుగు. ఆ ఫాంటు ఉన్న ఇంట పుట ముచ్చటగా కనిపించెను. అది లేని ఇంట అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనిపించెను. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒక్కొక్క అమరిక. ఒకదాని వార్తను వేరొకదాని ఫాంటులో చదువ వీలులేదు. "నెల్లూరు" అని వెదకినచో దొరకదు. ఏలయనగా ఆ పుటలో నెల్లూరు అను మాటయే లేదు, దాని బొమ్మ మాత్రమే ఉన్నది. బ్రౌజరులు మారిన కొలది ఆ ఫాంటులు పనిచేయుట మానెను. పుటలు చెడలేదు, వానిని చదువు తాళపుచెవి పోయినది. తరువాత వెన్న నాగార్జునగారు రూపొందించిన "పద్మ" అను సాధనము ఆ వేషాక్షరములను గుర్తించి నిజమైన తెలుగులోనికి మార్చి ఎన్నియో పుటలను మరల చదువదగినవిగా చేసెను. రోగమును కప్పిపుచ్చుట చికిత్స కాదని ఈ అధ్యాయము బోధించును.

అసలు చికిత్స అప్పటికే మొదలైయుండెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణమునందు తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. మన దేశమున తయారైన ఇస్కీ అను ప్రమాణమే ఆ అమరికకు ఆధారము. ఇందలి మూలసూత్రము సులభమైనది: నిలువచేయవలసినది అక్షరమును, దాని బొమ్మను కాదు. "లక్ష్మి" అను మాటను తీసికొందము. కంప్యూటరు నిలువచేయునవి ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీనిని కూర్చి, ష వత్తును, మ వత్తును పాదములక్రిందికి దింపి, గుడిని తలకెక్కించు పని చూపించు సమయమున జరుగును. ఆ పని ఫాంటును, కూర్పు యంత్రాంగమును కలిసి చేయును. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన "గౌతమి" ఫాంటు వలన ఈ సౌకర్యము సామాన్య గృహములకు చేరెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు "పోతన", "వేమన" ఫాంటులను ఉచితముగ అందించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. "లేఖిని" అను పుట, పాత ఆర్.టి.ఎస్. పద్ధతినే ఉపయోగించి, ఆంగ్ల మీటలతో నిజమైన తెలుగును వ్రాయించెను.

అయినను పుటలు నేటికిని చెదరుచున్నవి. దోషమును కనుగొను విధానమునకు మన తీరమునందే ఒక ఉదాహరణము కలదు. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయెను. శ్రీహరికోట ఆనాడు నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. రాకెట్టు పనికిరాదని ఎవరును అనలేదు. ఒక్కొక్క దశను, ఒక్కొక్క భాగమును విడదీసి పరిశీలించిరి. రెండవ దశను అదుపుచేయు వ్యవస్థలో ఒక కవాటము సరిగా పనిచేయక ఆమ్లము కారిపోయినదని తేలెను. దానిని సరిచేసిరి. 1980 జులై 18వ తేదీన అదే రకపు రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. వెబ్ పుటకును ఇదియే మార్గము. సంకేతము, ఫాంటు, కూర్పు, పెట్టె అను నాలుగు దశలలో తప్పు ఎక్కడ ఉన్నదో ముందు తెలియవలెను. తెరమీద కనిపించు లక్షణమే రోగమును చెప్పును.

తెరమీద ప్రతి అక్షరమునకు బదులు మూడేసి వింత గుర్తులు, అందు మొదటిది నెత్తిన గీటుగల ఆంగ్ల "ఏ"గాను, రెండవది వేడిమిని కొలుచు డిగ్రీ సున్నగానో, కూడిక తీసివేతలు కలిసిన గుర్తుగానో కనిపించినచో, దోషము సంకేతమునందున్నది. 1992లో రూపొందిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్లలో నిలువయగును. పుట ఆ సంగతిని ముందుగా ప్రకటింపనిచో బ్రౌజరు ఆ మూడింటిని మూడు ఐరోపా అక్షరములుగా చదువును. పుట శిరోభాగమున ఒక్క పంక్తిలో యూటీఎఫ్-8 అని ప్రకటించి, సర్వరును అదే మాట చెప్పునట్లు చేసినచో అక్షరములు మరల లేచివచ్చును. కాని అక్షరములకు బదులు ప్రశ్నార్థకములు మాత్రమే ఉన్నచో జాగ్రత్త వహింపవలెను. నిలువచేయు సమయముననే అక్షరములు నశించియుండవచ్చును. అప్పుడు మూలప్రతి తప్ప వేరు దిక్కు లేదు.

ఖాళీ పెట్టెలు కనిపించినచో సంకేతము క్షేమము, ఫాంటు లేదు. ఇంజనీర్లు ఈ పెట్టెలను "టోఫు" అందురు. అది సోయా గింజలతో చేయు తెల్లని ముద్ద పేరు. పుటతోబాటు ఫాంటును కూడ పంపుట దీనికి విరుగుడు. చుక్కల వలయము కనిపించినచో ఫాంటు కలదు గాని కూర్పు చెడినది. గుణింతపు గుర్తు తన హల్లును పోగొట్టుకొని ఒంటరిగా నిలిచినదని అర్థము. వ్రాసినవాడు గుర్తులను తారుమారుగ కొట్టినాడేమో మొదట చూడవలెను.

వత్తుల పాదములు తెగిపోయినచో దోషము పెట్టెది. ఇక్కడ కొంత వివరణ అవసరము. పుటను తీర్చిదిద్దు సీఎస్ఎస్ అను భాషను హాకోన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించెను. 1996 డిసెంబరులో అది ప్రమాణమైనది. దాని దృష్టిలో పుటలోని ప్రతి భాగమును ఒక పెట్టె. లోపల విషయము, దాని చుట్టును ఖాళీ, ఆ పైన గీత, వెలుపల ఎడము. ఈ పెట్టె కొలతలోనే ఒకప్పుడు గొప్ప తగవు పుట్టినది. వెడల్పు 300 అని చెప్పి, రెండు ప్రక్కల 20 చొప్పున ఖాళీ పెట్టినచో, ప్రమాణము ప్రకారము మొత్తము 340. ఆనాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు లెక్క ప్రకారము 300 మాత్రమే. ఒకే పుట ఒక ఇంట సరిగాను, వేరొక ఇంట వంకరగాను కనిపించుటకు ఇది ఒక ముఖ్య కారణము. పుటయు తప్పు కాదు, చూచువాడును తప్పు కాదు, కొలబద్దలు రెండు.

మన వత్తులకు జరిగినదియు ఇట్టిదే. ఆంగ్లాక్షరములకు సరిపోవు ఎత్తును అంకెలలో బిగించి, మించినదానిని దాచివేయుమని ఆజ్ఞాపించినచో, "రాష్ట్రము", "స్త్రీ" వంటి మాటల పాదములు తెగును. పంక్తి ఎత్తును అక్షరప్రమాణమునకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచి, పెట్టె ఎత్తును బిగింపక విడిచినచో తెగుట ఆగును. తాటియాకు లేఖకుడు పాటించిన ఎడమే ఇది.

పుట మొత్తము ప్రక్కకు జరిగి, చదువుటకు వ్రేలితో ఈడ్చుకొనవలసివచ్చినచో, ఏదియో ఒక పెట్టె తెర వెడల్పును మించినది. పూర్వము పుటలను బల్లమీది కంప్యూటరుకు సరిపోవునట్లు ఒకే వెడల్పున కట్టుచుండిరి. 2010లో ఈథన్ మార్కాట్ అను శిల్పి, తెరనుబట్టి పుట తానే సర్దుకొను విధానమును వివరించెను. మించిన పెట్టెను కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు: అన్ని పెట్టెల చుట్టును తాత్కాలికముగా ఎర్రగీత గీయించి చూడవలెను, దోషి గీత దాటి కనబడును. తెలుగులో ఆ దోషి తరచుగా ఒక దీర్ఘసమాసమై యుండును. దానిని విరుచుటకు అనుమతి ఈయవలెను. కాని ఎక్కడ విరువవలెను? యూనికోడు వారి పాత నియమము ప్రకారము పొల్లు తరువాత విరుపు చెల్లును. అనగా "కృష్ణపట్నము"లోని షకారము ఒక పంక్తిలోను, ణకారము వేరొక పంక్తిలోను పడవచ్చును. 2023లో వెలువడిన యూనికోడు 15.1 ప్రమాణము ఈ లోపమును దిద్దినది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరమును నడుమ విరువరాదని నియమించినది. రాతి అంచున నిలిచిన శిల్పికి తెలిసిన నియమము ఇన్ని శతాబ్దముల తరువాత ప్రపంచ ప్రమాణమునకు ఎక్కినది.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటనతో ఈ విచారణను ముగింతును. ఒక తెలుగు అక్షరము ఐఫోనులను స్తంభింపజేయుచున్నదను వార్త దేశదేశముల వ్యాపించినది. జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని ఒక విభాజక చిహ్నము, దీర్ఘము వరుసగా వచ్చినచో, ఆ సందేశమును తెరచిన అనువర్తనము కూలిపోవుచుండెను. పత్రికలు దీనిని "తెలుగు అక్షరపు దోషము" అనిరి. విమర్శించి చూచినవారికి తెలిసినదేమనగా, బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులును అట్లే కూల్చుచుండెను. దోషము అక్షరమునందు లేదు. అక్షరములను కూర్చు యాపిల్ సంస్థ యంత్రాంగమునందున్నది. ఆ నెల 19వ తేదీన విడుదలైన ఐఓఎస్ 11.2.6 దానిని సరిచేసినది. అక్షరమును ఎవరును మార్చలేదు. ఆ అక్షరము "జ్ఞానము" అను మాటకు మొదటి అక్షరము.

పుటను కట్టు యువకులు నేడు నెల్లూరులోను, హైదరాబాదులోను, సముద్రములకు ఆవలను వేలకొలదిగా ఉన్నారు. పని ముగించి పుటను లోకమునకు వదలుటకు ముందు వారు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ఆంగ్లపు మాదిరి వాక్యమును తీసివేసి, "రాష్ట్రము", "కృష్ణపట్నము", "జ్ఞానము", "లక్ష్మి" అను మాటలను ఆ పెట్టెలలో నింపవలెను. ఖరీదైన ఫోనులో గాక, చౌకఫోనులో, ఎండలో నిలిచి చూడవలెను. చెదరినచో లిపిని నిందింపక, ఏ దశలో చెదరినదో వెదకవలెను. తీరమున పడవ నీటిలోనికి త్రోయుటకు ముందు ఒకడు తెరవంక చూచును. అతనికి కావలసినది ఒక్క అక్షరము. అది చకారమో దకారమో అతనికి నిస్సందేహముగా కనిపించినచో, పుట కట్టినవాని శ్రమ ఫలించినట్లే.